ఇంజన్ ఒక్కటే మార్చాం

పాత ఫోర్ వీల్ డ్రైవ్ జీపులోంచి పుట్టింటి ఇంజన్ దించేసి, ఇంకో బండి ఇంజన్ ఎక్కించడాన్ని షెడ్డు భాషలో ఇంజన్ మార్చడం అంటారు. మన దేశంలో ఈ ముచ్చటకు ఎక్కువగా దొరికిపోయేవి మహీంద్రా వారి సీజే, ఎంఎం రకం జీపులు, మారుతి జిప్సీలు, సైన్యం వేలం వేసిన జోంగాలు. బండి వయసు ముప్పై దాటి, సైలెన్సర్‌లో పొగ మొదలై, యజమాని చేతిలో కాస్త డబ్బు ఆడుతుంటే చాలు, ముహూర్తం కుదిరినట్టే. పని పూర్తయ్యాక యజమాని నోట వచ్చే మాట మాత్రం ఏ ఊళ్లో అయినా ఒకటే: “ఇంజన్ ఒక్కటే మార్చాం, మిగతాదంతా ఒరిజినలే.” ఈ మాటలో రెండు ముక్కలున్నాయి. మొదటిది జరగదు. రెండోది మిగలదు.

ఈ పనిని సమర్థించేవారు ముందుగా చరిత్రను సాక్ష్యానికి పిలుస్తారు. జీపు వంశమే ఇంజన్లు మార్చుకుంటూ ఎదిగిందని వాళ్ల వాదన. అందులో అబద్ధం లేదు. రెండో ప్రపంచ యుద్ధం నాటి విల్లీస్ జీపులో ఉన్నది 60 హార్స్ పవర్ గో డెవిల్ ఇంజన్. విల్లీస్ కంపెనీ దాన్నే తీసుకుని, ఇన్‌టేక్ వాల్వులను బ్లాకులోంచి హెడ్డులోకి మార్చి, హరికేన్ అని పేరు పెట్టి, పవర్‌ను 70 దాటించింది. దాంతో ఇంజన్ ఎత్తు పెరిగి బానెట్ కింద పట్టలేదు. అందుకే 1953లో వచ్చిన సీజే-3బి మోడల్‌లో బానెట్‌నూ ముందు గ్రిల్లునూ పైకి లేపారు. మహీంద్రా ఏళ్ల తరబడి ఇక్కడ తయారుచేసిన, మన పోలీసు స్టేషన్ల ముందు, తాలూకా కచేరీల ముందు నిలబడిన ఎత్తు బానెట్ జీపు అదే. తర్వాత 1979లో మహీంద్రా ఫ్రాన్స్‌లోని ప్యూజో నుంచి ఎక్స్‌డీపీ 4.90 డీజిల్ ఇంజన్‌కు లైసెన్సు తెచ్చుకుంది. కంపెనీ చేస్తే ఇంజనీరింగ్, మేం చేస్తే తప్పా అని సమర్థకులు నిలదీస్తారు. ఈ చరిత్రలో వాళ్లు దాటేసే సంగతి ఒకటుంది. సొంత ఇంజన్‌కే పది పన్నెండు గుర్రాలు కలిపినందుకు కంపెనీ బండి ముఖమే మార్చుకోవలసి వచ్చింది. షెడ్డులో మాత్రం రెట్టింపు లాగుడున్న పరాయి ఇంజన్ ‘చేత్తో పెట్టినట్టు’ కూర్చుంటుంది.

ఇంజన్ మార్చడానికి చెప్పే కారణాల్లో మొదటిది, పాతది బోరుకు వచ్చిందని. బోరుకు వచ్చిన ఇంజన్‌కు విరుగుడు ఎప్పటి నుంచో ఉంది. సిలిండర్లు బోరింగ్ చేయించి, ఓవర్ సైజు పిస్టన్లు, రింగులు వేసి, క్రాంకు గ్రైండింగ్ చేయించి, బేరింగులు మార్చి, వాల్వులు అరగదీసి కూర్చోబెడితే ఇంజన్ మళ్లీ కొన్నేళ్లు నడుస్తుంది. ఈ వైద్యంలో ఉన్న లోపం ఒక్కటే, చెప్పుకోవడానికి కథ ఉండదు. బోరింగ్ చేయించానన్నవాడి చుట్టూ నలుగురు చేరరు. జీపులో స్కార్పియో ఇంజన్ పెట్టానన్నవాడి బానెట్ మాత్రం ఎక్కడ ఆగితే అక్కడ లేస్తుంది.

రెండో కారణం మైలేజీ. ఇది లెక్కలకు లొంగే విషయం కాబట్టి లెక్క వేయడం మంచిది. ఆదివారాలు మాత్రమే బయటికొచ్చే పెట్రోలు జీపు ఏడాదికి 2,000 కిలోమీటర్లు తిరుగుతుందని, లీటరుకు 6 కిలోమీటర్లు ఇస్తుందని అనుకుందాం. డీజిల్ ఇంజన్ ఎక్కించాక 12 ఇస్తుందని యజమాని మాటే నమ్ముదాం. లీటరు పెట్రోలు 107 రూపాయలు, డీజిల్ 96 రూపాయలు చొప్పున చూస్తే ఏడాదికి మిగిలేది 20 వేలకు కాస్త తక్కువ. మార్పిడికి మూడు లక్షలు అయిందనుకుంటే, ఆ సొమ్ము తిరిగి రావడానికి 15 ఏళ్లు పడుతుంది. అప్పటికి కొత్త ఇంజనూ బోరుకు వస్తుంది. ఇంట్లో భార్యకు చెప్పే కారణంగా మైలేజీ బాగానే పనికొస్తుంది. ఖాతా పుస్తకంలో నిలవదు.

ఇక్కడ ఒక మినహాయింపు ఇవ్వకపోతే అన్యాయం అవుతుంది. పాడేరు, అరకు ఏజెన్సీలో సంతకు జనాన్ని, సరుకును కలిపి మోసే జీపులున్నాయి. వాటికి రోజూ పని, రోజూ ఘాటు, రోజూ డీజిల్ ఖర్చు. అక్కడ ఇంజన్ పోతే బండి యజమాని అదే రకం ఇంజన్ ఇంకోటి వెతికి వేసుకుంటాడు, ఎందుకంటే పనిముట్లు అవే, సామాన్లు అవే, మధ్యదారిలో ఆగితే చేయి పెట్టగల మెకానిక్ కూడా అతనే. మార్చినందుకు సంబరం చేసుకోడు. మర్నాడు సంత ఉంటుంది. ఈ వ్యాసం వారి గురించి కాదు.

మార్పిడిలో మొదటి ఘట్టం ఇంజన్ ఎంపిక. దీనికి తీర్థస్థలాలున్నాయి. ఢిల్లీలో మాయాపురి, చెన్నైలో పుదుప్పేట, మన వైపు ఊరూరా ఆటోనగర్లు. హర్యానాలోని మండీ డబ్వాలీ అయితే జీపును జీపుగానే కట్టి అమ్మే ఊరు. ఇంజన్ల ఫ్యాషన్ తరానికొకటి. ఒకప్పుడు మెర్సిడెస్ ఓఎం616 నమూనా మీద బజాజ్ టెంపో తయారుచేసిన డీజిల్ ఇంజన్‌ను వెతికేవారు. దాన్ని బెంజి ఇంజన్ అనడంలో ఉన్న సుఖం అంతా ఇంతా కాదు. ఇంకొందరు హిందుస్థాన్ మోటార్స్ వాడిన ఇసుజు రెండు లీటర్ల డీజిల్ వెంట పడ్డారు. ఇప్పుడు ప్రమాదంలో నుజ్జయిన స్కార్పియోల, స్విఫ్టు డీజిళ్ల వంతు. బీమా కంపెనీ టోటల్ లాస్ కింద వదిలేసిన బండిలో ఏమీ కానిది ఇంజన్ ఒక్కటేనని అమ్మేవాడు ఒట్టేస్తాడు. ముందు భాగం డ్రైవర్ సీటు దాకా వచ్చిన బండి అది.

ఎంపిక చేసే తీరు చూడదగ్గది. ఇంజన్‌ను పాత లారీ టైరు మీద కూర్చోబెడతారు. పక్కన ఒక బ్యాటరీ, రెండు లావుపాటి తీగలు. నీళ్ల సీసాలో డీజిల్ పోసి, దాన్ని మేకుకు తగిలించి, సన్న గొట్టం పంపుకు కలుపుతారు. సెల్ఫ్ కొట్టగానే టైరుతో సహా ఇంజన్ ఒక గెంతు గెంతి, ఊగుతూ మొదలవుతుంది. దుకాణం అబ్బాయి ఆయిల్ మూత తీసి బోర్లా పెడతాడు. మూత ఎగిరి పడకపోతే లోపల రింగులు బాగున్నట్టు. తర్వాత హెడ్డు మీద రూపాయి బిళ్ల నిలబెడతాడు. బిళ్ల పడకపోతే బేరం అయిపోయినట్టు. రేడియేటర్ లేని, గేర్ బాక్స్ లేని, బరువు లాగని ఇంజన్ రెండు నిమిషాలు నడవడం అక్కడ ‘ఫుల్ కండిషన్’ అనిపించుకుంటుంది. ఓడోమీటర్ సంగతి ఎవరూ అడగరు. అది ఇంకో దుకాణంలో అమ్ముడుపోయి ఉంటుంది.

రెండో ఘట్టం కూర్చోబెట్టడం. ఇంజన్ వెనక భాగం, పాత గేర్ బాక్స్ ముందు భాగం ఒకదాని ముఖం ఒకటి ఎరగవు. బోల్టు రంధ్రాలు కలవవు, ఫ్లైవీల్ వేరు, క్లచ్ ప్లేటు పళ్లు వేరు. రెండింటి మధ్య ఒక మందపాటి ఇనుప పలకను లేత్‌లో కోయించి పెడతారు. ఇందులో అసలు కిటుకు రంధ్రాలు వేయడం కాదు. క్రాంకు షాఫ్టు, గేర్ బాక్స్ ఇన్‌పుట్ షాఫ్టు ఒకే గీత మీద ఉండాలి. వెంట్రుకంత తేడా వచ్చినా క్రాంకు చివరున్న పైలట్ బేరింగ్ ముందు అరుస్తుంది, తర్వాత క్లచ్ వణుకుతుంది, ఆపైన గేర్ బాక్స్ ముందు బేరింగ్ విడిపోతుంది. కంపెనీలో ఈ పనికి డయల్ గేజీ పెట్టి కొలుస్తారు. షెడ్డులో ఒక కన్ను మూసి చూస్తారు.

ఇంజన్ అలా వెనక్కి కలిసిందనుకున్నా కింద ముందు ఇరుసు ఉంది. ఫోర్ వీల్ డ్రైవ్ బండికి ముందు కూడా డిఫరెన్షియల్ ఉంటుంది. మామూలు బండి కోసం పుట్టిన ఇంజన్ సంప్ సరిగ్గా దాని నెత్తిన దిగుతుంది. గతుకుల్లో కమాన్ కట్టలు నొక్కుకున్నప్పుడల్లా ఇరుసు లేచి సంప్‌ను గుద్దుతుంది. కాబట్టి సంప్‌ను కోసి, లోపలికి కుదించి వెల్డింగ్ చేస్తారు. ఆయిల్ పట్టే చోటు తగ్గుతుంది, ఆయిల్ పీల్చే జాలీని కూడా జరపాలి, జరపడం మరిచిపోతే ఏటవాలు ఎక్కినప్పుడు ఇంజన్‌కు ఆయిల్ అందదు. ఏటవాలు ఎక్కడానికే ఇదంతా చేసిందని గుర్తుంచుకోవాలి. ఇంకో దారి ఇంజన్‌ను పైకి లేపడం. అప్పుడు బానెట్ మూతపడదు, రేడియేటర్ ఫ్యాను ఎదురుగా ఉండదు, ప్రొపెల్లర్ షాఫ్టు కోణం మారి జాయింట్ క్రాసులు అరుగుతాయి. గోచీని ఎలుకలు కొరుకుతున్నాయని సన్యాసి పిల్లిని తెచ్చుకుంటే, పిల్లికి పాలకని ఆవు, ఆవుకు మేతకని పొలం, చివరికి పెళ్లాం దాకా వచ్చిన కథ ఈ షెడ్లలో ఏటా కొత్తగా జరుగుతుంది. తేడా ఏమిటంటే, సన్యాసికి ఆఖరున సంసారం అయినా మిగిలింది.

పెట్రోలు తీసి డీజిల్ పెట్టినవాళ్లకు ఇంకో వింత ఎదురవుతుంది. పెట్రోలు ఇంజన్ గాలి పీల్చేటప్పుడు మానిఫోల్డ్‌లో వ్యాక్యూమ్ పుట్టి బ్రేకు బూస్టర్‌కు ఊరికే దొరుకుతుంది. డీజిల్ ఇంజన్‌లో అది దొరకదు, విడిగా వ్యాక్యూమ్ పంపు ఉండాలి. దీన్ని మరిచిపోయిన బండిలో బ్రేకు మీద రెండు కాళ్లతో నిలబడవలసి వస్తుంది. అంతకంటే పాత జీపులకు ఈ బెడద లేదు. వాటికి అసలు బూస్టరే ఉండదు, నాలుగు చక్రాలకూ వట్టి డ్రమ్ములే. పవర్ పెరిగిందని చెప్పుకునే ప్రతి ఇంజన్ మార్పిడి వెనకా ఈ డ్రమ్ములు మౌనంగా ఉంటాయి.

లాగుడు సంగతి అంకెల్లో చూస్తే ఇంకా బాగుంటుంది. హరికేన్ ఇంజన్ టార్కు సుమారు 155 న్యూటన్ మీటర్లు. స్కార్పియోలోని 2.2 లీటర్ల ఎంహాక్ టార్కు మొదట్లో 290. పాత సీజే జీపును లో గేరులో పెట్టి, ఫస్టులో వేస్తే గేర్ బాక్స్, ట్రాన్స్‌ఫర్ కేసు, ఇరుసు కలిసి ఇంజన్ తిప్పుడును సుమారు 37 రెట్లు చేస్తాయి. పాత ఇంజన్‌తో ఇరుసులకు చేరే తిప్పుడు 5,700 న్యూటన్ మీటర్ల దరిదాపుల్లో ఉంటే, కొత్తదాంతో 10,700 దాటుతుంది. అరవై గుర్రాల కాలంలో కొలతలు వేసిన క్రౌన్ వీల్, పినియన్, ఇరుసు షాఫ్టులు ఈ వార్త వినలేదు. చక్రం బురదలో ఇరుక్కుని, యజమాని పట్టుదలతో యాక్సిలేటర్ తొక్కినప్పుడు వింటాయి. ఆ చప్పుడు వికారాబాద్ అనంతగిరి అడవిలో చాలా దూరం వినిపిస్తుంది. దాని తర్వాత ట్రాక్టరు వస్తుంది.

రోడ్డు మీద కథ దీనికి తలకిందులు. పాత సీజే ఇరుసుల్లో నిష్పత్తి 5.38. అంటే టాప్ గేరులో ఇంజన్ అయిదుసార్లకు పైగా తిరిగితే చక్రం ఒకసారి తిరుగుతుంది. పదహారు అంగుళాల పాత రకం జీపు టైర్ల మీద ఇంజన్ నిమిషానికి 3,000 చుట్లు తిరిగినా బండి వేగం గంటకు 75 కిలోమీటర్లే. డీజిల్ ఇంజన్‌కు హాయి అంతా 3,000 లోపే. కాబట్టి ‘వంద కొడుతుంది’ అనుకున్న జీపు డెబ్బై దగ్గర గొంతు చించుకుంటుంది, పక్క నుంచి ఆర్టీసీ బస్సు దాటిపోతుంది. ఇక ఇరుసులు మార్చాలి. ఇరుసులు మారితే వెడల్పు మారుతుంది, వెడల్పు టైర్లు కావాలి. వెడల్పు టైర్లకు స్టీరింగ్ తిరగదు, పవర్ స్టీరింగ్ కావాలి. వేగం వచ్చాక ఎవరికో ఒకరికి బ్రేకులు గుర్తొస్తాయి, ముందుకు డిస్కులు కావాలి. ముందు భాగం బరువెక్కింది కాబట్టి కమాన్ కట్టలో ఇంకో పట్టీ. గేర్ బాక్స్ అప్పటికే ఒకసారి ఊడి ఉంటుంది కాబట్టి ఇంజన్‌తో పాటే వచ్చిన అయిదు గేర్ల పెట్టె. అది పొడుగు కాబట్టి వెనక ప్రొపెల్లర్ షాఫ్టు కోసి పొట్టి చేయించాలి. ఇంత అయ్యాక ‘మిగతాదంతా ఒరిజినలే’ అన్న మాటకు సాక్ష్యంగా అద్దం చట్రం, నంబరు ప్లేటు మిగులుతాయి. మహీంద్రా 2010లోనే ఇవన్నీ పెట్టి, కామన్ రైల్ డీజిల్‌తో, ఫ్యాక్టరీ గ్యారంటీతో థార్ అనే పేరున అమ్మింది. 2020లో ఇంకోటి తెచ్చింది. పాత జీపు యజమాని దాన్ని ‘ప్లాస్టిక్ బండి’ అని తీసిపారేస్తాడు. ఇరుసు వెతకడానికి వెళ్లేటప్పుడు మాత్రం స్నేహితుడి థార్ అడుగుతాడు.

జిప్సీ మార్పిడి దీని తమ్ముడు. 1985లో వచ్చిన తొలి జిప్సీ ఇంజన్ 970 సీసీ, 45 హార్స్ పవర్. తర్వాత 1,298 సీసీ వచ్చింది. బండి బరువు టన్ను లోపే కాబట్టి అదే దాని బలం, కొండ ఎక్కడంలో దానికి పేరు తెచ్చింది ఆ తేలికే. మారుతి కార్లలోని 1.6 పెట్రోలు ఇంజన్ వేసుకునేవాళ్లు అదే కుటుంబంలో పిల్లను తెచ్చుకున్నట్టు కాస్త గట్టున పడతారు. స్విఫ్టు డీజిల్ పెట్టాలనేవాడిదే అసలు సాహసం. ముందు చక్రాలను తిప్పడానికి, బానెట్ కింద అడ్డంగా కూర్చోవడానికి పుట్టిన ఇంజన్‌ను నిలువుగా తిప్పి, గేర్ బాక్స్ విడదీసి, టర్బోకు చోటు వెతికి, తేలిక బండి ముక్కు మీద బరువు పెట్టి, చివరికి ‘జిప్సీ ఇప్పుడు సరైన బండి అయింది’ అంటారు. ఆ ఇంజన్ తయారీని మారుతి 2020లోనే ఆపేసింది. జోంగా గురించి ఎక్కువ చెప్పనక్కర్లేదు. జబల్‌పూర్ సైనిక వాహనాల కర్మాగారంలో నిస్సాన్ లైసెన్సు మీద తయారైన ఆ బండికి దాదాపు నాలుగు లీటర్ల ఆరు సిలిండర్ల పెట్రోలు ఇంజన్ ఉండేది. దాన్ని కొన్నవాడు మర్నాడే డీజిల్ గురించి ఆలోచించడం సహజం. కొనే ముందు రోజు ఎందుకు ఆలోచించలేదన్నదే ప్రశ్న.

కొత్త తరం ఇంజన్లతో వచ్చే తలనొప్పి ఇనుముది కాదు, తీగలది. పాత డీజిల్ ఇంజన్‌కు సెల్ఫ్‌కు ఒక తీగ, హీటర్ ప్లగ్గులకు ఒకటి, ఆపడానికి ఒక గుంజుడు కేబుల్ చాలు. కామన్ రైల్ ఇంజన్ ఒంటరిగా రాదు. వైరింగ్ కిట్, ఈసీయూ అనే కంప్యూటర్ పెట్టె, యాక్సిలేటర్ పెడల్, సెన్సర్లు, తాళంచెవి, తాళంచెవిని గుర్తుపట్టే ఇమ్మొబిలైజర్, వీటిలో ఏది తగ్గినా అది మొండికేస్తుంది. కాబట్టి స్కార్పియో తాళంచెవితో నడిచే జీపులు తయారవుతాయి. వెయ్యి బార్లకు పైగా ఒత్తిడితో చిమ్మే ఇంజెక్టర్లకు, నలభై ఏళ్ల తుప్పు పట్టిన జీపు ట్యాంకు నుంచి డీజిల్ పంపుతారు. ఇంజెక్టర్లు పోయాక కల్తీ డీజిల్ అమ్మాడని పెట్రోలు బంకును తిడతారు. నదిలో దిగి నీళ్లు చీల్చుకుంటూ పోవాలన్నది జీపు యజమాని కోరిక. సీటు కింద కవరులో చుట్టి, టేపు వేసి ఉన్న ఈసీయూకు ఆ కోరిక లేదు.

ఇక చట్టం. రిజిస్ట్రేషన్ కాగితంలో ఛాసిస్ నంబరు, ఇంజన్ నంబరు, ఇంధనం, సీసీ అన్నీ రాసి ఉంటాయి. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం తయారీదారు మొదట ఇచ్చిన వివరాలకు భిన్నంగా బండిని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా ఇదే తేల్చి చెప్పింది. అదే ఏడాది సవరణతో వచ్చిన 182ఏ సెక్షన్ ప్రకారం, అనుమతి లేని ఒక్కో మార్పుకు 5,000 రూపాయల జరిమానా, లేదా ఆరు నెలల దాకా జైలు, లేదా రెండూ. ఒక్కో మార్పుకు అన్న మాటను ఇరుసులు, బ్రేకులు, స్టీరింగ్, గేర్ బాక్స్ జాబితా పక్కన పెట్టి చదవాలి. ‘ఇంజన్ ఒక్కటే’ అన్న మాట యజమానికి నిజంగా అక్కరకొచ్చేది ఇక్కడే, కానీ ఇక్కడే ఎవరూ నమ్మరు. ఇంజన్ చెడితే అదే రకం ఇంజన్ వేసుకుని ఆర్టీఏకు తెలిపి, నంబరు ఎక్కించుకునే దారి ఉంది. ఆ దారిన వెళ్లాలంటే ఇంజన్ ఎక్కడిదో బిల్లు చూపాలి. నీళ్ల సీసా దుకాణంలో బిల్లు ఇవ్వరు. దొంగ బండి ఇంజన్ కాదని రుజువు చేసుకునే భారం అప్పుడు కొన్నవాడి మీదే. పదిహేనేళ్లు దాటిన బండికి అయిదేళ్లకోసారి రిజిస్ట్రేషన్ రెన్యువల్ ఉంటుంది. ఆ సీజన్‌లో పాత ఇంజన్ బ్లాకులకు అద్దె గిరాకీ కూడా ఉంటుందంటే ఆశ్చర్యపడనక్కర్లేదు. ప్రమాదం జరిగితే బీమా కంపెనీ సర్వేయరు మొదట చూసేది నంబర్లనే. క్లెయిము తోసిపుచ్చడానికి అతనికి ఇంకో కారణం వెతికే శ్రమ ఉండదు.

దించిన ఇంజన్ ఏమవుతుందన్నది చివరి అంశం. కొన్నాళ్లు షెడ్డు మూల గోనెపట్టా కింద ఉంటుంది. తర్వాత చోటు లేదని తుక్కు దుకాణానికి తూకం మీద వెళుతుంది. 2021లో కేంద్రం వింటేజ్ వాహనాలకు నిబంధనలు తెచ్చింది. మొదటి రిజిస్ట్రేషన్ అయి 50 ఏళ్లు దాటి, ఛాసిస్, బాడీ, ఇంజన్లలో పెద్ద మార్పులేవీ లేకుండా అసలు రూపంలో ఉన్న బండికి 20,000 రూపాయల రుసుముతో పదేళ్ల రిజిస్ట్రేషన్, వీఏ అక్షరాలతో ప్రత్యేక నంబరు ఇస్తారు. డెబ్బైల తొలినాళ్ల పెట్రోలు జీపు, ఎవరూ చెయ్యి పెట్టకుండా ఉంటే, దీనికి అర్హమైనదే. ఈ సంగతి ఆలస్యంగా తెలిసిన యజమాని తుక్కు దుకాణానికి పరుగెత్తుతాడు. దుకాణం వాడు ఈసారి తక్కెడ తీయడు. బ్లాకు మీద దుమ్ము తుడిచి, నంబరు చదివి, ఆర్‌సీలో ఉన్నదానితో కలిస్తే ఒక రేటు, కలవకపోతే ఒక రేటు చెబుతాడు.